70 గంటలు పనిచేస్తే దేశ ఉత్పాదకత పెరుగుతుందా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీరే చూడండి. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు మన ఉత్పాదకత తక్కువగా ఉంది కాబట్టి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ మాటల్లో అది 90 అయింది. ఇప్పుడు మీ ఫ్యాక్టరీ మేనేజరు కూడా "మనవాళ్ళకి ఒళ్ళు వంచడం రాదు, దేశం ఇలా ఉండటానికి అదే కారణం" అంటున్నారు. అసలు ఒక దేశ ఉత్పాదకత అంటే ఏమిటి, మనకది ఎక్కడ పోతోంది, పెరగాలంటే ఏం చేయాలి అన్నది మీ ప్రశ్న.

నేను ఎకనామిక్స్ ప్రొఫెసర్ని కాను. ఇండస్ట్రియల్ ఇంజనీరుగా ముప్ఫై ఏళ్ళకు పైగా స్టాప్‌వాచీ పట్టుకుని షెడ్ల చుట్టూ తిరిగాను. మొదటి ఉద్యోగం బాలానగర్‌లో. దేశం లెక్కలు చదవడం ఆ తర్వాతే మొదలుపెట్టాను. అందుకే నా జవాబు ఫ్యాక్టరీ నేల మీద నుంచి మొదలై పైకి వెళ్తుంది.

ముందు ఆ గంటల సంగతి తేల్చేద్దాం. అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కల్లో మన దేశంలో పనిలో ఉన్న మనిషి ఇప్పటికే సగటున వారానికి 46-47 గంటలు పనిచేస్తున్నాడు. ప్రపంచంలో ఎక్కువ గంటలు పనిచేసే దేశాల్లో మనదొకటి. జర్మనీలో పనిచేసే మనిషి ఏడాదికి దాదాపు 1,340 గంటలు పనిచేస్తాడు. 52 వారాలకు పంచితే వారానికి 26. గంటల్లోనే సంపద ఉంటే జర్మన్లు మన దగ్గరికి అప్పుకి రావాలి.

ఉత్పాదకత ఒక భాగహారం. పైన ఉత్పత్తి విలువ, కింద పనిగంటలు. గంటలు పెంచితే పైనా కిందా రెండూ పెరుగుతాయి. మొత్తం ఉత్పత్తి కొంత పెరగొచ్చు గానీ భాగఫలం అక్కడే ఉంటుంది, ఇంకా లాగితే తగ్గుతుంది. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రిటన్ మందుగుండు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళ గంటలూ ఉత్పత్తీ వారంవారం రాసిపెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ పెంకావెల్ అనే ఆర్థికవేత్త 2014లో ఆ పాత రికార్డులు తిరగేసి మళ్ళీ లెక్కకట్టాడు. వారానికి 50 గంటల దగ్గర్లోకి వచ్చేదాకా గంటలతో పాటు ఉత్పత్తీ పెరిగింది. అది దాటాక పెరుగుదల నీరసించింది. 70 గంటలు పనిచేసిన వారానికీ 56 గంటలు పనిచేసిన వారానికీ ఉత్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మధ్యలో ఉన్న ఆ 14 గంటలూ వాళ్ళు ఊరికే నిలబడ్డారన్నమాట. అదీ యుద్ధం నడుస్తుండగా, దేశం కోసం చేస్తున్నామన్న పట్టుదల ఉన్న మనుషులు. 2025లో మన రెండు రాష్ట్రాలూ రోజువారీ పనిగంటల హద్దును 10కి పెంచే మార్పులు తెచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఈ లెక్కే.

మరి భాగఫలం పెరిగేది ఎలా? దీనికి మన తెలుగువాళ్ళకి పుస్తకం అక్కర్లేదు. నూజివీడు నుంచి డాలస్ వెళ్ళిన కుర్రాడిని చూడండి. విమానం ఎక్కేముందు ఎంత తెలివో దిగాక కూడా అంతే తెలివి, అవే చేతులు. కానీ అక్కడ అతని గంట విలువ ఇక్కడికన్నా ఎన్నో రెట్లు. మారింది అతను కాదు, అతని చుట్టూ ఉన్నది. కరెంటు, రోడ్లు, యంత్రాలు, నడిపే పద్ధతులు, కోర్టులు, పక్క టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్ళ నైపుణ్యం, కొనేవాళ్ళ జేబు, ఇవన్నీ కలిసి అతని గంటకి ఆ విలువ కట్టాయి. ఇందులో కొంత ఉత్త ధరల తేడా అన్నది నిజమే. హైదరాబాద్ మంగలి, డాలస్ మంగలి గంటకి అన్నే తలలు కత్తిరిస్తారు, డబ్బు మాత్రం వేరు. ఆ తేడా తీసేసినా మిగిలేది చాలా ఉంటుంది.

రాబర్ట్ సోలో అనే ఆర్థికవేత్త 1957లో చేసింది ఈ మిగులు లెక్కే. 1909 నుంచి 1949 దాకా అమెరికాలో పనిగంటకి వచ్చే ఉత్పత్తి దాదాపు రెట్టింపయింది. అందులో యంత్రాలూ పెట్టుబడీ పెరగడం వల్ల వచ్చింది ఎనిమిదో వంతే, మిగతా ఏడు వంతులూ "ఇంకేదో" అని తేలింది. కొత్త పద్ధతి, కొత్త జ్ఞానం, మెరుగైన అమరిక, అన్నీ అందులోకే వస్తాయి. దాన్ని టోటల్ ఫ్యాక్టర్ ప్రొడక్టివిటీ అంటారు. ఆ కాలంలోనే మోజెస్ అబ్రమోవిట్జ్ అనే ఆర్థికవేత్త ఆ మిగులును మన అజ్ఞానానికి కొలత అన్నాడు. నాకు నచ్చిన నిర్వచనం అదే.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. "భారతదేశ సగటు ఉత్పాదకత" అన్న అంకెతో పెద్ద ఉపయోగం లేదు, ఎందుకంటే ఇక్కడ రెండు మూడు దేశాలు ఒకే చోట ఉన్నాయి. 2023-24 ప్రభుత్వ కార్మిక సర్వే ప్రకారం పనిలో ఉన్నవాళ్ళలో 46 శాతం వ్యవసాయంలోనే ఉన్నారు. దేశ ఆదాయంలో వ్యవసాయం వాటా మాత్రం సుమారు 18 శాతం. మీరే లెక్కకట్టండి, వ్యవసాయం బయట ఉన్న మనిషి సగటున దాదాపు నాలుగు రెట్లు విలువ పుట్టిస్తున్నాడని వస్తుంది. నిజమైన తేడా ఇంత ఉండదు, ఎందుకంటే పొలం మనిషికి ఏడాది పొడుగునా పని ఉండదు, మధ్యలో వేరే పనులు కూడా చేస్తాడు. అలా సరిచేసినా తేడా పెద్దదే. దీనికి రైతు బద్ధకం కారణమని ఎవరైనా అంటే వాళ్ళని ఒక్క రోజు నాట్లలోకి దింపాలి. కారణం ప్రచ్ఛన్న నిరుద్యోగం. ఇద్దరు చాలిన చోట నలుగురు ఉన్నారు, పోవడానికి వేరే చోటు లేక.

దక్షిణ కొరియాలో 1963లో 63 శాతం మంది వ్యవసాయంలో ఉండేవాళ్ళు, 1990 నాటికి 18 శాతం. అక్కడ ఉత్పాదకత పెరగడంలో ఈ కదలికకీ వాటా ఉంది. మనం కూడా నెమ్మదిగా అటే వెళ్తున్నాం, 2018-19లో 42.5 శాతానికి దిగాం. కోవిడ్ వచ్చింది, పట్నాల నుంచి జనం ఊళ్ళకు నడిచి వెళ్ళారు, అంకె మళ్ళీ 46 దాకా ఎక్కింది. ఇన్నేళ్ళయినా పూర్తిగా దిగలేదు. నన్నడిగితే ఈ దేశంలో ఉత్పాదకత గురించి మాట్లాడేవాళ్ళు ముందు ఈ ఒక్క అంకె మీద కూర్చోవాలి. వరికోత యంత్రం వచ్చి పొలంలో చేతులు ఖాళీ అవుతున్నాయి. ఖాళీ అయిన మనిషి ఎక్కడికి పోతున్నాడు? ఎక్కువగా తాపీపనికి, సెంట్రింగ్‌కి. భవన నిర్మాణంలో ఇప్పుడు 12 శాతం మంది ఉన్నారు, ఫ్యాక్టరీలూ కుటీర పరిశ్రమలూ కలిపి తయారీరంగంలో 11 శాతం చిల్లర.

ఇక నాకు బాగా తెలిసిన చోటుకి, ఫ్యాక్టరీ లోపలికి వస్తాను.

నేను పనిచేసిన ఒక షెడ్డులో 150 టన్నుల ప్రెస్సు ఉండేది. కంపెనీ పేరు అవసరం లేదు. ఒక పార్టు నుంచి ఇంకో పార్టుకి మారాలంటే డై, అంటే రేకుకి ఆకారం ఇచ్చే అచ్చు, మార్చాలి, దానికి రెండున్నర గంటలు పట్టేది. డై మార్చే సెట్టర్ మంచి పనివాడు, చెమట కారేలా పనిచేసేవాడు. నేను రెండు వారాలు పక్కనే నిలబడి నిమిషాలు రాసుకున్నాను. ఆ రెండున్నర గంటల్లో డై మీద అతని చేతులు ఉన్నది నలభై నిమిషాలకు లోపే. మిగతా సమయమంతా బోల్టులు వెతకడం, ఒకే ఒక్క 24 నంబరు స్పానర్ ఎవరి దగ్గరుందో కనుక్కోవడం, బరువులెత్తే హాయిస్ట్ ఖాళీ అయ్యేదాకా ఆగడం, కింద పెట్టాల్సిన పలచని రేకు ముక్కల (షిమ్ముల) కోసం స్క్రాప్ కుప్పలో తవ్వడం, చివర్లో మొదటి పీసు చూసి సరే అనాల్సిన క్వాలిటీ ఆయన పక్క షెడ్డు నుంచి వచ్చేదాకా కూర్చోవడం. ఈ మనిషిని 12 గంటలు పని చేయించినా అతను ఇంకాసేపు బోల్టులు వెతుకుతాడు, అంతే.

మేం కొన్న కొత్త యంత్రం ఏమీ లేదు. ప్రతి డైకీ దాని బోల్టులూ షిమ్ములూ ఒక ట్రేలో, స్పానర్లు పెయింట్‌తో గీసిన బోర్డు మీద, తర్వాతి డై ముందే ప్రెస్సు పక్కన బండి మీద. మొదటి పీసు చూడటానికి ప్రెస్సు దగ్గరే ఒక గేజ్. నలభై నిమిషాలకి దిగింది. ఇది నా తెలివేమీ కాదు. టయోటాలో 1969లో వెయ్యి టన్నుల ప్రెస్సు డై మార్చడానికి నాలుగు గంటలు పడుతుంటే షిగియో షింగో అనే ఇంజనీరు దాన్ని ముందు గంటన్నరకి, ఆ తర్వాత మూడు నిమిషాలకి తెచ్చాడు. మేం చేసింది దాని పేద చుట్టం.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి, ఎందుకంటే అసలు పాఠం అందులో ఉంది. మిగిలిన సమయం చూసి ఓనరు గారు ఇద్దరు హెల్పర్లని తీసేశారు. ఆ సాయంత్రం నుంచి షెడ్డులో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. వెల్డింగ్ దగ్గర వాచీ పట్టుకుని నిలబడితే చాలు, పని నెమ్మదించేది. వాళ్ళ స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. ఆరు నెలల్లో డై మార్పు మళ్ళీ గంటన్నరకి పోయింది. ట్రేలు మాయమయ్యాయి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాతి జపాన్‌ని ఆదర్శంగా చూపించేవాళ్ళు ఒక సంగతి వదిలేస్తారు. జపాన్ వాళ్ళు గంటలు ఎక్కువే పనిచేశారు, అది నిజం. కానీ 1955లో ఉత్పాదకత కేంద్రం పెట్టినప్పుడు యాజమాన్యాలూ యూనియన్లూ ఒప్పుకునేలా మూడు సూత్రాలు రాసుకున్నారు. ఉత్పాదకత పెరగడం చివరికి ఉపాధిని పెంచాలి, మిగులు అయిన మనిషిని వీలైనంతవరకు వేరే పనిలోకి మార్చాలి గానీ తీసేయకూడదు. పద్ధతులు కార్మికులతో చర్చించి మార్చాలి. వచ్చిన లాభం యాజమాన్యానికీ కార్మికుడికీ కొనేవాడికీ న్యాయంగా పంచాలి. మనం కూడా 1958లో జాతీయ ఉత్పాదకత మండలి పెట్టుకున్నాం. సెమినార్లు జరిగాయి, మంచి శిక్షణలూ ఇచ్చారు. పంచుకునే ఒప్పందం మాత్రం షాపు ఫ్లోర్ దాకా రాలేదు. నా షెడ్డులో ఆ మొదటి సూత్రం ఉండి ఉంటే ట్రేలు మాయమయ్యేవి కావు.

"నీ ఒక్క షెడ్డు కథతో దేశం గురించి ఎలా చెప్తావు" అంటారేమో. ముంబై దగ్గర తారాపూర్, ఉమర్‌గావ్ ప్రాంతాల నేత మిల్లుల్లో 2008లో మొదలైన ఒక ప్రయోగం ఉంది. నికొలస్ బ్లూమ్ అనే ఆర్థికవేత్త, ఆయన సహచరులు చేశారు. మందుల పరీక్షల్లో చేసినట్టు కొన్ని మిల్లులకు ఒక అంతర్జాతీయ కన్సల్టెన్సీ సలహా ఉచితంగా ఇప్పించి, మిగతా వాటిని పోల్చడానికి అలాగే వదిలారు. వెళ్ళేసరికి అక్కడ కనిపించింది ఏమిటి? నేల మీద చెల్లాచెదురుగా పనిముట్లు, స్టోర్స్‌లో ఎంత నూలు ఉందో లెక్క లేదు, లోపాలు వచ్చాక సరిచేయడమే తప్ప ఎందుకు వచ్చాయో రాసుకునే అలవాటు లేదు. కన్సల్టెంట్లు చెప్పినవి ఆకాశం నుంచి ఊడిపడ్డవి కావు. శుభ్రం చేయండి, రాసుకోండి, మగ్గం ఆగకముందే మరమ్మతు చేయండి, రోజూ పొద్దున పది నిమిషాలు కూర్చుని నిన్నటి అంకెలు చూడండి. మొదటి ఏడాదే ఉత్పాదకత 17 శాతం పెరిగింది.

మరి ఓనర్లు ముందే ఎందుకు చేయలేదు? కొన్ని పద్ధతుల గురించి వాళ్ళు విననే లేదు. కొన్ని విన్నా, మాకిక్కడ పనికిరావన్నారు, లాభాలు వస్తున్నాయిగా అన్నారు. ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళి చూస్తే మెరుగుపరచిన పద్ధతుల్లో దాదాపు సగం వదిలేశారు, అయినా సలహా అందుకోని మిల్లుల కన్నా ముందే ఉన్నారు. నా ట్రేలకి ఏమైందో చూశాను కాబట్టి ఆ సగం అంకె నన్ను ఆశ్చర్యపరచలేదు.

ఆ అధ్యయనంలో నాకు గుర్తుండిపోయినది ఇంకొకటి. ఒక సంస్థ ఎంత పెద్దదవుతుందన్నది అది ఎంత బాగా నడుస్తోందన్న దానికన్నా ఆ కుటుంబంలో మగవాళ్ళు ఎంతమంది ఉన్నారన్న దాని మీద ఎక్కువ ఆధారపడి ఉంది. ముగ్గురు అన్నదమ్ములుంటే మూడు మిల్లులు. బయటి మేనేజరు చేతిలో తాళాలు పెట్టాలంటే భయం. అతను నూలు బయట అమ్ముకుంటే కోర్టుకి వెళ్ళి ఏళ్ళ తరబడి తిరగాలి. కోర్టుల ఆలస్యానికీ మగ్గం ఉత్పత్తికీ ఉన్న చుట్టరికం ఇదీ.

అందుకే మన సంస్థలు ఎదగవు. అమెరికాలో నలభై ఏళ్ళ వయసున్న ఫ్యాక్టరీలో, కొత్త ఫ్యాక్టరీలో కన్నా ఏడు రెట్లకు పైగా మనుషులుంటారు. మన దగ్గర అది ఇంచుమించు రెట్టింపు దగ్గరే ఆగుతుంది. షే, క్లెనో అనే ఇద్దరు ఆర్థికవేత్తల లెక్క ఇది. వాళ్ళే 2009లో ఇంకో లెక్క కట్టారు. ఉన్న యంత్రాలనీ ఉన్న మనుషులనీ అమెరికాలో ఉన్నంత సమర్థంగా సంస్థల మధ్య పంచగలిగితే చాలు, మన తయారీరంగ ఉత్పాదకత 40 నుంచి 60 శాతం పెరుగుతుందని. అదనంగా ఒక్క గంట కూడా పనిచేయకుండానే. అంటే బాగా నడిచే సంస్థకి కావలసినంత అప్పు, స్థలం, మనుషులు దొరకడం లేదు, చేతకాని సంస్థలు వాటిని పట్టుకుని కూర్చున్నాయి.

ఇందులో ప్రభుత్వం చేతులారా చేసుకున్నది కొంత ఉంది. 1967లో 47 వస్తువులను చిన్న పరిశ్రమలే తయారుచేయాలని రిజర్వేషన్ పెట్టారు. తర్వాత జాబితా 800 దాటింది. రెడీమేడ్ దుస్తులు కూడా చాలాకాలం అందులో ఉన్నాయి, సరిగ్గా వేరే ఆసియా దేశాలు పెద్ద పెద్ద కుట్టు ఫ్యాక్టరీలు కట్టి ప్రపంచ మార్కెట్ పట్టుకుంటున్న కాలంలో. చివరి 20 వస్తువులు తీసింది 2015లో. వందమందికి పైగా ఉంటే మూసేయడానికీ తీసేయడానికీ సర్కారు అనుమతి కావాలన్న నిబంధన కూడా ఉండేది. 2020 కార్మిక కోడ్ దాన్ని 300కి పెంచింది, 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. అయితే మన సంస్థలు చిన్నవిగా ఉండటానికి కార్మిక చట్టమే కారణమంటే నేను ఒప్పుకోను. నేను చూసిన ఓనర్లలో ఎక్కువమంది వంద దగ్గర కాదు, ముప్ఫై దగ్గరే ఆగిపోయారు. ఆపింది చట్టం కాదు, నమ్మకమైన మేనేజరూ బ్యాంకు అప్పూ దొరకకపోవడం, ఆర్డరు నిలకడ లేకపోవడం.

సిరిసిల్ల చూడండి. అక్కడ మరమగ్గాన్ని సాంచె అంటారు. మామూలు సాంచె నిమిషానికి 100-120 పేక పోగులు వేస్తుంది. ఎయిర్‌జెట్ మగ్గం 600కు పైగా వేస్తుంది. సాంచెలు నడిపించే ఆసామిని పట్టుకుని ఇంకో రెండు గంటలు నడుపు అంటే ఏం లాభం? మరి కొత్త మగ్గం ఎందుకు కొనడు అంటే, నూలు ఇచ్చేది ఒకరు, బట్ట తీసుకునేది వాళ్ళే, తనకి దక్కేది మీటరు లెక్కన కూలి. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చినప్పుడు కొన్ని నెలలు ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఏడాదంతా పని ఉంటుందన్న నమ్మకం లేనివాడు లక్షల యంత్రం మీద అప్పు చేయడు, చేయకపోవడమే తెలివి. ఉత్పాదకత తక్కువగా ఉన్న ప్రతి చోటా ఇలా లోపల ఒక సరైన కారణం ఉంటుంది. దాన్ని కనుక్కోకుండా ఉపన్యాసం ఇచ్చి లాభం లేదు.

ఫ్యాక్టరీ గేటు బయట సంగతులు త్వరగా చెప్పేస్తాను, మీకు తెలిసినవే. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో పవర్ హాలిడేలు గుర్తున్నాయా? వారంలో కొన్ని రోజులు యంత్రాలు ఆగాయి, ఓనర్లు డీజిల్ పోసుకున్నారు, జీతం ఇచ్చారు, ఉత్పత్తి లేదు. ఆ ఏడాది మా దగ్గర వృథా తగ్గించే ఏ లీన్ పద్ధతీ పనిచేయలేదు. ఇప్పుడు కరెంటు ఉంది, ఆ ఒక్క మార్పు వందమంది కన్సల్టెంట్ల పెట్టు. 2017 జులైలో జీఎస్టీతో రాష్ట్ర సరిహద్దుల్లో అమ్మకపన్ను చెక్‌పోస్టులు పోయాయి. 2021లో ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. లారీ డ్రైవరు ఒళ్ళు ఎక్కువ వంచలేదు, ఆగడం తగ్గింది, అంతే. అయినా అతని రోజు విలువ పెరిగింది.

మనవాళ్ళ చేతుల్లోనే అద్భుతం జరిగిన చోటు కూడా ఒకటుంది, కోస్తా రొయ్యల చెరువులు. తొంభైల్లో టైగర్ రొయ్యని తెల్లమచ్చ వైరస్ ఊడ్చేసింది. నెల్లూరు నుంచి భీమవరం దాకా ఎన్ని కుటుంబాలు అప్పులపాలయ్యాయో ఆ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. 2009లో కేంద్రం వనామీ అనే రొయ్య రకానికి అనుమతిచ్చింది. అది మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం జాతి. అక్కడ పనిచేసింది జాతి ఒక్కటే కాదు. రోగం లేని తల్లి రొయ్యల్నే దిగుమతి చేయాలి, చెన్నైలో క్వారంటైన్‌లో పెట్టి పరీక్షించాకే హ్యాచరీకి ఇవ్వాలి, చదరపు మీటరుకి 60 పిల్లలకు మించి వేయకూడదు అన్న నియమాలు వచ్చాయి. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లకి కరెంటు, ఊరూరా నీటి పరీక్షల ల్యాబులు, మేత కంపెనీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లు పక్కపక్కనే పెరిగాయి. అదే చెరువు, అదే రైతు. ఇప్పుడు దేశం పండించే రొయ్యల్లో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌దే. సోలో చెప్పిన ఆ "ఇంకేదో" కంటితో చూడాలంటే భీమవరం దగ్గర ఉండి-ఆకివీడు రోడ్డు మీద బండి ఆపి చూడొచ్చు. నియమాలు సడలిన చోట రోగాలు మళ్ళీ వచ్చాయన్నదీ నిజమే. నీళ్ళు ఉప్పు తేలుతున్నాయని పక్క వరి రైతు మొత్తుకోవడమూ నిజమే. ఆ నష్టం ఏ ఉత్పాదకత లెక్కలోకీ రాదు.

రొయ్యలే ఇంకో హెచ్చరిక కూడా ఇస్తాయి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేర్చినప్పుడు చెరువులో ఏమీ మారలేదు, ఎకరానికి అన్నే కిలోలు. డబ్బుల్లో కొలిచే ఉత్పాదకత మాత్రం పడింది. అందుకే అంకె పెరిగిందనో తగ్గిందనో పేపర్లో చదివినప్పుడు అది వస్తువుల లెక్కా, రూపాయల లెక్కా అని చూడండి. ప్రభుత్వ సేవల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. వాటి ఉత్పత్తిని చాలావరకు వాటి ఖర్చుతోనే కొలుస్తారు. టీచర్ల జీతాలు పెరిగితే విద్యారంగం ఉత్పత్తి రూపాయల్లో పెరిగినట్టు కనిపిస్తుంది. పిల్లలకి చదవడం వచ్చిందా అన్నది వేరే సంగతి. పిల్లల చదువుని పరీక్షించే అసర్ సర్వే 2024 లెక్కల్లో అయిదో తరగతి గ్రామీణ పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు సగం కూడా లేరు. వీళ్ళే పదేళ్ళలో షాపు ఫ్లోర్ మీదికొచ్చి డ్రాయింగ్ చదవాలి. బాలానగర్‌లోనే 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, అక్కడ నేర్చుకున్న కుర్రాళ్ళని మేం పోటీపడి తీసుకునేవాళ్ళం. అలాంటివి జిల్లాకొకటి ఎందుకు లేవన్నది నేను రిటైర్ అయ్యేదాకా అడిగిన ప్రశ్న.

ఆడవాళ్ళ సంగతి. అదే 2023-24 సర్వేలో 15 ఏళ్ళు దాటిన మగవాళ్ళలో 79 శాతం దాకా పనిలోనో పని వెతుకులాటలోనో ఉంటే ఆడవాళ్ళలో 42 శాతం లోపే. అందులోనూ మూడో వంతు దాకా ఇంటి పొలంలోనో ఇంటి వ్యాపారంలోనో జీతం లేని సాయం. అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీలకి పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బస్సుల్లో వచ్చే అమ్మాయిల్ని చూస్తే అడ్డం ఎక్కడుందో అర్థమవుతుంది. పని నేర్చుకోవడం కష్టమేమీ కాదు, ఆ బస్సు ఊళ్ళోకి రావడమే అసలు సమస్య. తమిళనాడు వాళ్ళు శ్రీపెరుంబుదూర్ దగ్గర ఫోన్ల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయిల కోసం 18 వేల మందికి పైగా పట్టే హాస్టళ్ళు కట్టి 2024లో తెరిచారు. పారిశ్రామిక విధానం అంటే నా దృష్టిలో అది. మనం రాయితీ మీద రాయితీ ప్రకటిస్తాం, కార్మికురాలు రాత్రి ఎక్కడ పడుకుంటుందో ఆలోచించం.

కాబట్టి నన్ను ఎవరైనా పిలిచి ఏం చేద్దామంటే ముందు అడిగేవి ఇవే. ఫ్యాక్టరీ పక్కన ఇళ్ళు, హాస్టళ్ళు. చెక్కు బౌన్సు, కాంట్రాక్టు కేసులు ఏడాదిలో తేల్చే కోర్టులు. చిన్న యూనిట్లకి పెద్ద కంపెనీలూ ప్రభుత్వ శాఖలూ 45 రోజుల్లో డబ్బు కట్టడం, దానికి చట్టం ఎప్పటినుంచో ఉంది, కట్టించేవాళ్ళే లేరు. అయిదో తరగతిలో చదవడం. ఇవేవీ ఎన్నికల ముందు రిబ్బను కత్తిరించడానికి పనికొచ్చేవి కావని నాకు తెలుసు.

మీ మేనేజరు గారి విషయం. ఆయనతో వాదించకండి, ఉద్యోగం ముఖ్యం. ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు గళ్ళు గీయండి. యంత్రం ఆగిన టైము, మళ్ళీ నడిచిన టైము, ఎందుకు ఆగింది, ఆ కారణం ఎవరి చేతిలో ఉంది. ఒకే యంత్రం, ఆరు రోజులు, అన్ని షిఫ్టులూ. ఆపరేటర్ చేతే రాయించండి, అతని పేరు మాత్రం కాగితం మీద వద్దు. టీ తాగడానికి ఆగినా రాయమనండి, దాచొద్దు. నా అనుభవంలో నాలుగో గడిలో "మెటీరియల్ రాలేదు", "సంతకం కాలేదు", "టూల్ లేదు" అన్నవే ఎక్కువ వస్తాయి, టీ నిమిషాలు వాటి ముందు చిన్నబోతాయి. ఆ కాగితం ఆయన టేబుల్ మీద పెట్టేముందు ఒక మాట మాత్రం తీసుకోండి, దీన్ని చూసి ఎవర్నీ తీసేయకూడదని. ఆ మాట ఇవ్వకపోతే కాగితం మీ దగ్గరే ఉంచుకోండి.